చేతితో నింపిన తూటాల వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తూటాలను సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టిన వారికి క్రోనోగ్రాఫ్ కొన్న మొదటి నెలలోనే వచ్చే సందేహాలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. మళ్లీ మళ్లీ ఎదురయ్యే అలాంటి ప్రశ్నలను పని సాగే క్రమంలో దశలుగా విడదీసి ఇక్కడ కూర్చాను. ఏ సమాధానం దానికదే పూర్తిగా ఉండాలని చూసుకున్నాను కనుక ఒకటి రెండు విషయాలు రెండు చోట్ల కనిపించవచ్చు. తుపాకీ మందు మోతాదుల పట్టికలు ఇందులో లేవు. వాటిని మందు తయారీదారులు, బుల్లెట్ తయారీదారులు ప్రచురించే లోడింగ్ మాన్యువళ్లలోనే చూడాలి. తూటాలు నింపడానికి చాలా దేశాల్లో లైసెన్సు అవసరం. ఇక్కడ చెప్పేదంతా ఆ అనుమతి ఉన్నవారి కోసమే.

ఈ పుట పొడవునా తూటా అంటే కేస్ (మిగిలినవాటిని పట్టి ఉంచే లోహపు గొట్టం), ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే భాగం), మందు, బుల్లెట్ కలిసిన పూర్తి వస్తువు. లోడ్ అంటే ఈ భాగాల, మందు మోతాదు యొక్క ఒక నిర్దిష్ట కలయిక. బుల్లెట్ అంటే బారెల్ నుంచి బయటికి వెళ్లే భాగం మాత్రమే.

## కొనడానికి ముందు

క్రోనోగ్రాఫ్ అసలు దేన్ని కొలుస్తుంది?

బుల్లెట్ వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు వేలాడే బరువైన దిమ్మెలోకి బుల్లెట్‌ను కాల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి వేగాన్ని లెక్కగట్టే పద్ధతిని వివరించాడు. 1860ల్లో బెల్జియం సైనికాధికారి లె బూలాంజే విద్యుదయస్కాంతాలతో పనిచేసే పరికరాన్ని రూపొందించాక, రెండు స్థానాల మధ్య బుల్లెట్ ప్రయాణించిన సమయాన్ని నేరుగా కొలిచే పద్ధతి స్థిరపడింది. నేటి ఆప్టికల్ యంత్రాలు చేసేదీ అదే. సెన్సార్ల మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉండి, బుల్లెట్ సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్తే, యంత్రం కొలవాల్సిన సమయం సెకనులో పదివేల భాగాల్లో ఏడున్నర భాగాలు. ఛాంబర్‌లో (బారెల్ వెనుక కొసన తూటా కూర్చునే చోట) పీడనం ఎంత, బుల్లెట్ గురికి ఎంత దగ్గరగా తగులుతుంది అన్న విషయాలు ఆ అంకెలో నేరుగా ఉండవు. అవి ఉన్నాయనుకోవడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

మాన్యువల్‌లో వేగం రాసే ఉంటుంది కదా, మళ్లీ కొలవడం దేనికి?

మాన్యువల్‌లోని వేగం వారి బారెల్‌లో, వారి కేస్, వారి ప్రైమర్, వారు వాడిన మందు బ్యాచ్‌తో వచ్చినది. పరీక్షలకు వాడే బారెళ్లు చాలాసార్లు మామూలు రైఫిల్ బారెల్ కన్నా పొడవుగానూ, లోపలి కొలతలు కచ్చితంగానూ ఉంటాయి. మీ బారెల్ నాలుగైదు అంగుళాలు పొట్టిగా ఉంటే వేగం స్పష్టంగా తగ్గుతుంది. ఒకే నమూనాకు చెందిన, ఒకే పొడవు బారెల్ ఉన్న రెండు రైఫిళ్ల మధ్య కూడా అదే తూటాతో సెకనుకు 20 మీటర్ల తేడా రావడం వింత కాదు. దూరపు గురికి ఎత్తు సవరణ లెక్కించే బాలిస్టిక్ కాలిక్యులేటర్‌లో మాన్యువల్ అంకెను వేస్తే, ఆ తేడా అంతా గురి దగ్గర నిలువు తప్పిదంగా బయటపడుతుంది.

ఆప్టికల్, మాగ్నెటిక్, రాడార్ రకాల్లో ఏది తీసుకోవాలి?

ఆప్టికల్ యంత్రం చవకైనది. పైనుంచి వచ్చే వెలుగును బుల్లెట్ నీడ క్షణకాలం అడ్డుకోవడాన్ని రెండు సెన్సార్లు గుర్తిస్తాయి. వెలుతురు మారితే రీడింగులు తప్పిపోవడం, స్టాండును గురి దారిలో నిలబెట్టవలసి రావడం దీని ఇబ్బందులు. ఓలర్ సంస్థ తయారుచేసిన 35పి నమూనాలో మూడో సెన్సార్‌ను పెట్టి, ఒకే బుల్లెట్‌ను రెండుసార్లు కొలిచి పోల్చే ఏర్పాటు చేశారు. ఆప్టికల్ యంత్రం అబద్ధం చెప్పినప్పుడు పట్టుకోవడానికి అంతకన్నా తెలివైన ఉపాయం నాకు కనిపించలేదు.

మాగ్నెటిక్ రకాన్ని, ఉదాహరణకు మాగ్నెటోస్పీడ్‌ను, బారెల్ మూతికి పట్టీతో బిగిస్తారు. లోహపు బుల్లెట్ దాటినప్పుడు అయస్కాంత క్షేత్రంలో కలిగే మార్పును అది గుర్తిస్తుంది. వెలుతురుతో దీనికి పని లేదు. అయితే బారెల్‌కు బరువు తగిలించడం వల్ల గుళ్లు తగిలే చోటు మారుతుంది.

రాడార్ రకం డాప్లర్ సూత్రంపై పనిచేస్తుంది. 24 గిగాహెర్ట్జ్ తరంగాన్ని పంపితే, సెకనుకు 800 మీటర్ల వేగంతో దూరమవుతున్న బుల్లెట్ నుంచి తిరిగి వచ్చే తరంగం పౌనఃపున్యం సుమారు 128 కిలోహెర్ట్జ్ మేర తగ్గి ఉంటుంది. ఆ తేడాయే వేగాన్ని చెబుతుంది. ల్యాబ్‌రాడార్‌తో ఈ రకం అభిరుచిగా కాల్చేవారి చేతికి వచ్చింది. 2023లో వచ్చిన గార్మిన్ జీరో సీ1 ప్రో వంటి చిన్న పరికరాలతో రైఫిల్ పక్కన బల్ల మీద పెట్టుకుంటే చాలన్న స్థితి ఏర్పడింది. డబ్బు అడ్డు కాకపోతే రాడార్ తీసుకోండి. అది మరీ కచ్చితమైనదని కాదు, అమర్చడం సులువైతే మనిషి ఎక్కువసార్లు కొలుస్తాడు కాబట్టి.

ఫోన్ యాప్‌తో శబ్దాన్ని బట్టి వేగం కొలవవచ్చా?

ఎయిర్ రైఫిల్‌కు కొంతవరకు పనికొస్తుంది. పేలుడు శబ్దానికీ గురికి తగిలిన శబ్దానికీ మధ్య సమయాన్ని బట్టి అది దారి పొడవునా ఉన్న సగటు వేగాన్ని చెబుతుంది, మూతి దగ్గరి వేగాన్ని కాదు. శబ్దవేగాన్ని మించి వెళ్లే రైఫిల్ బుల్లెట్ విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

## తూటాలు నింపేటప్పుడు

ఒక్కో లోడ్‌కు ఎన్ని తూటాలు నింపుకోవాలి? మూడు చాలవా?

చాలవు. సగటు వేగం మోటుగా తెలిస్తే చాలనుకుంటే ఐదుతో పని గడుస్తుంది. వేగం ఎంత నిలకడగా ఉందో తెలుసుకోవాలంటే పది కనిష్ఠం, ఇరవై మేలు. ఎందుకో అంకెల్లో చూడండి. మీకు సెకనుకు 4 మీటర్ల ప్రామాణిక విచలనం (వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) వచ్చిందనుకుందాం. అది మూడు షాట్ల నుంచి వచ్చినదైతే, ఆ లోడ్ అసలు విచలనం 95 శాతం నమ్మకంతో 2.1 నుంచి 25 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఐదు షాట్లయితే 2.4 నుంచి 11.5 మధ్య, పది షాట్లయితే 2.8 నుంచి 7.3 మధ్య, ఇరవై షాట్లయితే 3.0 నుంచి 5.8 మధ్య ఉంటుంది. మూడు షాట్ల విచలనాన్ని గొప్పగా చెప్పుకునేవారు నిజానికి ఏమీ చెప్పడం లేదు.

కొత్త లోడ్‌ను మాన్యువల్‌లోని ప్రారంభ మోతాదు నుంచి మెల్లగా పెంచుకుంటూ వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టుకు రెండు మూడు తూటాలు సరిపోతాయి. అక్కడ మీరు నిలకడను కొలవడం లేదు, పీడనం ప్రమాదకరంగా పెరుగుతున్న సూచనలేమైనా ఉన్నాయా అని చూస్తున్నారు.

మందును 0.1 గ్రెయిన్ (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు) కన్నా సూక్ష్మంగా తూచితే విచలనం తగ్గుతుందా?

సాధారణంగా ఆశించినంత తగ్గదు. వేగంలో తేడాలు తెచ్చే కారణాలు చాలా ఉన్నాయి: మందు బరువు, కేస్ లోపలి ఘనపరిమాణం, కేస్ మెడ బుల్లెట్‌ను పట్టుకునే బిగువు, ప్రైమర్ తీవ్రత, బుల్లెట్ కూర్చున్న లోతు. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వాటి విచలనాలు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడుతాయి. మీ లోడ్‌లో ఒక గ్రెయిన్ మందుకు సెకనుకు 15 మీటర్ల వేగం పెరుగుతోందనుకుందాం. తూకంలో 0.1 గ్రెయిన్ ప్రామాణిక విచలనం ఉంటే దాని వల్ల వచ్చేది 1.5 మీటర్లు. మొత్తం విచలనం 5 మీటర్లుగా ఉన్నప్పుడు, ఆ తూకం దోషాన్ని పూర్తిగా తుడిచేసినా మిగిలేది సుమారు 4.8. ఖరీదైన తూకం యంత్రానికి పెట్టే డబ్బుకు ఫలితం ఆ రెండు పదో వంతులే. మొత్తం విచలనం 2 దగ్గరికి వచ్చాక మాత్రం అదే తూకం దోషం నిజంగా పెద్ద వాటాదారు అవుతుంది. అప్పుడు దాని సంగతి చూడవచ్చు.

కలగాపులగంగా ఉన్న కేసులతో పరీక్షించవచ్చా?

వద్దు. కేస్ గోడల మందం తయారీదారును బట్టి మారుతుంది, దానితో లోపలి ఖాళీ, పీడనం, వేగం కూడా మారుతాయి. ఒకే ముద్ర ఉన్నవి, ఒకేన్నిసార్లు కాల్చినవి వాడండి.

## రేంజ్‌లో అమర్చేటప్పుడు

ఆప్టికల్ యంత్రాన్ని బారెల్ మూతికి ఎంత దూరంలో పెట్టాలి?

పెద్ద రైఫిళ్లకు మూడు నుంచి ఐదు మీటర్లు, పిస్టళ్లకు మూడు మీటర్లు మంచి ప్రారంభం. ఇంకా దగ్గరగా పెడితే మూతి నుంచి వెలువడే మంట, పొగ, పీడన తరంగం, కాలని మందు రేణువులు సెన్సార్‌ను బుల్లెట్ కన్నా ముందే మేల్కొలుపుతాయి. మూతికి బ్రేక్ (వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే రంధ్రాల తొడుగు) ఉన్న రైఫిల్‌కు మరో మీటరు జరపడం మంచిది. స్టాండును ముందుకు తీసుకెళ్లి నిలబెట్టేది మీరే కనుక, రేంజ్‌లో అందరూ కాల్పులు ఆపి, తుపాకులు ఖాళీ చేసి, బోల్టులు (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే భాగాలు) తెరిచి ఉంచిన తరువాతే గీత దాటాలి.

బుల్లెట్ యంత్రాన్నే కొట్టేయకుండా ఏం చేయాలి?

క్రోనోగ్రాఫ్‌ను కాల్చుకునేవారిలో ఎక్కువమంది టెలిస్కోప్‌లో చూసి దారి తీరుగా ఉందనుకుని కాల్చినవారే. టెలిస్కోప్ బారెల్‌కు నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉంటుంది. మూడు మీటర్ల దూరంలో బుల్లెట్ ఇంకా చూపు రేఖకు కిందే ఉంటుంది, టెలిస్కోప్‌లో అద్దం మధ్యన కనిపించిన ఖాళీలో ఉండదు. బోల్టు తీయగలిగిన రైఫిలైతే బోల్టు తీసి, బారెల్ లోపలి నుంచి చూస్తూ గురిని సరిచేసుకుని, ఆ రంధ్రం నుంచి కనిపించే దారి సెన్సార్లకు పది నుంచి పదిహేను సెంటీమీటర్ల పైగా పోయేలా స్టాండు ఎత్తును సర్దండి. డిస్‌ప్లే విడిగా ఉండే నమూనాలో ఖరీదైన భాగం మీ బల్ల మీదే ఉంటుంది. సాబో (బారెల్ దాటాక ఊడిపోయే) తొడుగున్న బుల్లెట్లు, షాట్‌గన్ వాడ్లు (గుండ్లకూ మందుకూ మధ్య ఉండే అడ్డు) దారిలోనే విడిపోయి పక్కకు ఎగురుతాయి కాబట్టి వాటికి ఆప్టికల్ యంత్రం తగదు.

యంత్రం కొంచెం వంకరగా ఉంటే రీడింగ్ ఎంత తప్పుతుంది?

ఒకటి రెండు డిగ్రీలకు పట్టించుకోనక్కర లేదు. బుల్లెట్ దారికీ యంత్రపు అక్షానికీ మధ్య 5 డిగ్రీల కోణం ఉంటే దోషం 0.4 శాతానికి కొంచెం తక్కువ, అంటే సెకనుకు 800 మీటర్ల దగ్గర సుమారు 3 మీటర్లు. మడిచిపెట్టే చట్రమైతే దాన్ని పూర్తిగా విప్పకపోవడమే పెద్ద దోషం: సెన్సార్ల మధ్య 600 మిల్లీమీటర్లకు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా 800 దగ్గర అంకె 1.3 మారుతుంది. రెండు సెన్సార్లూ ఒకేలా వంగి ఉండటం నయం, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ వంగి ఉండటం చెడ్డది.

ఎండలో ఒక షాట్‌కు అంకె వస్తోంది, ఒక షాట్‌కు రావడం లేదు. ఎందుకు?

ఆప్టికల్ సెన్సార్‌కు సమానంగా పరచుకున్న వెలుగు కావాలి. మబ్బు పట్టిన ఆకాశం దానికి అత్యుత్తమం. ఎండ నేరుగా సెన్సార్ కంటిలో పడితే బుల్లెట్ నీడ తేలిపోతుంది. సూర్యుడు కిందికి వాలినప్పుడు వెలుగు బుల్లెట్ అడుగున తగిలి మెరవడం వల్ల సెన్సార్‌కు నీడకు బదులు మెరుపు కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చే తెల్లని డిఫ్యూజర్లను ఎండలో తప్పక పెట్టండి. మబ్బులో వాటిని తీసేసినా ఫరవాలేదు. లోపలి రేంజ్‌లో ట్యూబ్‌లైట్లు, కొన్ని రకాల ఎల్‌ఈడీలు విద్యుత్ సరఫరా వేగానికి రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుమంటాయి. మన కంటికి అది తెలియదు కానీ సెన్సార్‌కు తెలుస్తుంది. అక్కడ ఇన్‌ఫ్రారెడ్ దీపాలున్న స్క్రీన్లు వాడాలి.

పక్క లేన్‌లో కాల్చే తూటాలను నా రాడార్ లెక్కపెడుతోంది. ఏం చేయాలి?

ముందుగా పరికరంలో మీ తూటా వేగానికి తగిన పరిధిని సరిగా ఎంచుకోండి, సున్నితత్వాన్ని సర్దే వీలుంటే తగ్గించండి. పరికరాన్ని మీ మూతికి మరింత దగ్గరగా, మూతికి కొంచెం వెనుకగా, తయారీదారు చెప్పిన పక్కదూరంలో పెట్టండి. మూతికి బ్రేక్ ఉంటే, దాని రంధ్రాల నుంచి వచ్చే గాలిదెబ్బకు సూటిగా ఎదురుగా మాత్రం పెట్టకూడదు. అయినా అదనపు రీడింగులు వస్తే, ఏ షాట్ మీదో కాగితం మీద రాసుకుంటూ వెళ్లడమే మార్గం.

మాగ్నెటిక్ యంత్రం బిగించి ఉండగానే గ్రూపు (ఒకే గురికి కాల్చిన షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయో) కూడా చూసుకోవచ్చా?

చూసుకోకండి. బారెల్ మూతికి బరువు తగిలాక దాని కంపనం మారుతుంది, గుళ్లు తగిలే చోటు మారుతుంది, గ్రూపు పరిమాణం కూడా మారవచ్చు. వేగం ఒకసారి, గ్రూపు మరోసారి కాల్చాలి. దీనికయ్యే అదనపు తూటాలను లెక్కలో వేసుకుంటే మాగ్నెటిక్ యంత్రం మొదట అనిపించినంత చవక కాదు.

## కాల్చేటప్పుడు

శుభ్రం చేసిన బారెల్‌తో కాల్చిన మొదటి షాట్‌ను లెక్కలో వేసుకోవాలా?

పరీక్ష ఉద్దేశాన్ని బట్టి నిర్ణయించాలి. నూనె తడి, శుభ్రమైన లోహం ఉన్న బారెల్‌లో మొదటి ఒకటి రెండు షాట్ల వేగం తరువాతి వాటికి భిన్నంగా ఉండటం మామూలే. లోడ్ నిలకడను కొలుస్తుంటే రెండు మూడు తూటాలు ముందుగా కాల్చి బారెల్‌ను స్థిరపరచండి, వాటిని లెక్కలో వేయనని కాల్చడానికి ముందే అనుకోండి. అంకె చూశాక తీసేయడం మొదలుపెడితే పరీక్షకు అర్థం లేదు.

ఎండ, చలి వేగాన్ని ఎంత మారుస్తాయి?

అది మందును బట్టి ఉంటుంది. కొన్ని మందులను ఉష్ణోగ్రతకు పెద్దగా చలించకుండా తయారుచేస్తారు, కొన్ని బాగా చలిస్తాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది బయటి గాలి వేడి కాదు, కేస్‌లోని మందు వేడి. తూటాల పెట్టె ఎండలో ఉన్నా, వేడెక్కిన ఛాంబర్‌లో తూటాను పెట్టి నింపాదిగా గురిచూస్తూ కూర్చున్నా ఆ షాట్ వేగం పెరుగుతుంది. పెరిగే వేగం వెనుక పీడనం కూడా పెరుగుతుంది. చలికాలంలో గరిష్ఠ మోతాదుకు దగ్గరగా కుదిరిన లోడ్ వేసవిలో హద్దు దాటవచ్చు. తూటాలను నీడలో ఉంచండి, ఛాంబర్‌లో పెట్టాక కొన్ని క్షణాల్లో కాల్చండి, షాట్ల మధ్య సమాన విరామం ఇవ్వండి.

ఒకే పెట్టెలోని పిస్టల్ తూటాలకు వేగాలు చిత్రంగా చెదిరిపోతున్నాయి. కారణం?

కేస్ పెద్దదై, మందు తక్కువ జాగాలో సర్దుకునే తూటాల్లో, ఉదాహరణకు .38 స్పెషల్‌లో, మందు ప్రైమర్ వైపు ఉందా బుల్లెట్ వైపు ఉందా అన్నదాన్ని బట్టి వేగం మారుతుంది. ఇది నిజమో కాదో సులభంగా తేల్చుకోవచ్చు: ఐదు తూటాలను మూతిని పైకెత్తి మెల్లగా గురికి దించి, మరో ఐదింటిని మూతిని కిందికి వంచి మెల్లగా పైకెత్తి కాల్చండి, మూతి మాత్రం ఎప్పుడూ కాల్పుల దిశలోనే ఉండాలి. రెండు సగటుల మధ్య పెద్ద తేడా వస్తే దోషం మీ తూకానిది కాదు, మందు ఎంపికది. అదే పనికి కేస్‌ను ఎక్కువగా నింపే మందు మాన్యువల్‌లో ఉంటే దాన్ని చూడండి.

ఒక షాట్ శబ్దం మెత్తగా వచ్చి, అంకె చాలా తక్కువ చూపింది. తరువాతిది కాల్చవచ్చా?

వద్దు. వెంటనే ఆపండి. మూతిని గురి వైపే అర నిమిషం ఉంచి, తుపాకీని ఖాళీ చేసి, బారెల్‌లో ఏమీ ఇరుక్కోలేదని కడ్డీ దూర్చి నిర్ధారించుకోండి. మందు లేకుండా లేదా చాలా తక్కువగా నింపిన తూటా బుల్లెట్‌ను బారెల్ మధ్యలో వదిలేయగలదు. దాని వెనుక మరో బుల్లెట్ కాలిస్తే బారెల్ చీలిపోతుంది. అంకె అసలే రాకపోతే అనుమానం మరింత ఎక్కువ ఉండాలి, ఎందుకంటే బుల్లెట్ బయటికే రాకపోయి ఉండవచ్చు. ఆ బ్యాచ్‌లో మిగిలిన తూటాలను విప్పి మందు తూచి చూడండి.

రైఫిల్‌తో కాల్చితే 340 అని చూపింది. యంత్రం పాడైందా?

సెకనుకు 340 మీటర్లు అన్నది 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో శబ్దవేగం. కాల్చినప్పుడు వచ్చిన శబ్దం మామూలుగానే ఉంటే, యంత్రం బహుశా బుల్లెట్‌ను కాక పేలుడు తరంగాన్ని కొలిచింది. దాన్ని ఇంకాస్త ముందుకు జరపండి. శబ్దవేగం కన్నా నెమ్మదైన తూటాలతో ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే అక్కడ పేలుడు తరంగం బుల్లెట్ కన్నా ముందే సెన్సార్‌ను చేరుతుంది.

మాన్యువల్‌లోని గరిష్ఠ మోతాదుకు ఇంకా చేరలేదు, కానీ వేగం వాళ్ల గరిష్ఠాన్ని దాటింది. అదృష్టమేనా?

కాదు, హెచ్చరిక. అదే బుల్లెట్, అదే మందు, అంతే పొడవు బారెల్‌లో ఎక్కువ వేగం ఊరికే రాదు. దాదాపు ఎప్పుడూ ఎక్కువ పీడనం వల్లే వస్తుంది. మీ బారెల్ వారి బారెల్ కన్నా పొట్టిదైతే ప్రమాదం మరీ ఎక్కువ. చదునైన ప్రైమర్లు, గట్టిగా లేచే బోల్టు, కేస్ అడుగున మెరిసే ముద్ర వంటి గుర్తులు కనిపించలేదని ధైర్యం తెచ్చుకోవద్దు. అవి కొన్ని కేసుల్లో పీడనం హద్దు దాటాకే కనిపిస్తాయి. పీడనాన్ని కొలిచేవి పీజో ట్రాన్స్‌డ్యూసర్లు, స్ట్రెయిన్ గేజ్‌లు. అమెరికాలో సామీ, ఐరోపాలో సీఐపీ అనే సంస్థలు పీడన ప్రమాణాలు నిర్ణయించేది అలాంటి కొలతల మీదే. మీ దగ్గర అవి లేనప్పుడు వేగమే మీకున్న పరోక్ష సాక్షి. వేగం మాన్యువల్ గరిష్ఠాన్ని తాకిన చోట ఆగి, మోతాదు తగ్గించండి.

## అంకెలు చేతికి వచ్చాక

వ్యాప్తిని చూడాలా, ప్రామాణిక విచలనాన్ని చూడాలా?

ప్రామాణిక విచలనాన్ని, షాట్ల సంఖ్యతో కలిపి. వ్యాప్తి అంటే గరిష్ఠ వేగంలోంచి కనిష్ఠ వేగాన్ని తీసివేస్తే వచ్చేది, అది షాట్లు పెరిగేకొద్దీ పెరుగుతూ పోతుంది. నిజమైన విచలనం 4 ఉన్న లోడ్‌కు సగటున మూడు షాట్లలో 7, ఐదు షాట్లలో 9, పది షాట్లలో 12, ఇరవై షాట్లలో 15 వ్యాప్తి వస్తుంది. లోడ్ ఒకటే, మారింది మీరు కాల్చిన షాట్లే. ఐదు షాట్ల వ్యాప్తిని పది షాట్ల వ్యాప్తితో పోల్చి ఒకటి మెరుగని తేల్చడం పొరపాటు. చేతితో లెక్కిస్తే విచలనానికి షాట్ల సంఖ్యలోంచి ఒకటి తీసివేసి భాగించాలి.

రెండు లోడ్ల సగటుల మధ్య 4 మీటర్ల తేడా వచ్చింది. ఇది నిజమైన తేడాయేనా?

ఒక్కోటి ఐదు షాట్లు, విచలనం 4 చొప్పున అయితే, చెప్పలేం. ఆ పరిస్థితిలో రెండు సగటుల మధ్య సుమారు 6 మీటర్ల దాకా వచ్చే తేడాను కాకతాళీయం అనుకోవలసిందే. ఇరవై చొప్పున కాలిస్తే ఆ హద్దు రెండున్నరకు దిగుతుంది.

మోతాదు పెంచుతూ ఒక్కో షాట్ కాల్చినప్పుడు వేగం పెరగని చోటు కనిపించింది. అదే మంచి లోడ్ అంటారు, నిజమా?

ఈ పద్ధతికి చాలా ఆదరణ ఉంది కానీ దాని వెనుక ఉన్న లెక్క బలహీనం. ఒక గ్రెయిన్‌కు 15 మీటర్లు పెరిగే లోడ్‌లో 0.3 గ్రెయిన్ మెట్టుకు రావలసిన పెరుగుదల 4.5 మీటర్లు. షాట్‌కూ షాట్‌కూ విచలనం 4 అయితే రెండు షాట్ల మధ్య తేడాలో విచలనం 5.7 అవుతుంది. అంటే కనిపించాలనుకున్న మార్పు కన్నా గందరగోళమే పెద్దది. మోతాదు పెరిగినా వేగం తగ్గినట్టు కనిపించే అవకాశం ఒక్కో మెట్టుకు ఐదింట ఒకటి. పది మోతాదులు కాలిస్తే, ఏ ప్రత్యేకతా లేని మామూలు లోడ్‌లో కూడా అలాంటి చోట్లు ఒకటి రెండు వాటంతట అవే పుట్టుకొస్తాయి. మీకు కనిపించిన చోటు నిజమో కాదో తేల్చడానికి దారి ఒక్కటే: మరో రోజు అవే మోతాదులను మళ్లీ కాల్చండి. అదే చోట మళ్లీ కనిపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. నాకు తెలిసి చాలాసార్లు అది పక్కకు జరిగిపోతుంది.

ఒక షాట్ మిగిలిన వాటికి దూరంగా ఉంది. దాన్ని తీసేయవచ్చా?

అంకె నచ్చలేదన్న కారణంతో తీసేయకూడదు. యంత్రం దోష సందేశం చూపినా, పక్క లేన్ షాట్‌ను పట్టినా, ఆ తూటా నింపేటప్పుడే మీరు అనుమానించి గుర్తు పెట్టుకున్నా తీసేయవచ్చు. కారణం దొరకని దూరపు అంకె మీ లోడ్‌లో భాగమే, పోటీలో అది మళ్లీ వస్తుంది.

విచలనం బాగా తగ్గింది, కానీ 100 మీటర్ల గ్రూపు చిన్నది కాలేదు. ఎందుకు?

100 మీటర్ల దగ్గర వేగపు తేడాకు పెద్ద ప్రభావం లేదు. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, సెకనుకు 800 మీటర్ల బుల్లెట్‌కు ఒక్క మీటరు వేగం తేడా 100 మీటర్ల దగ్గర 0.2 మిల్లీమీటర్ల ఎత్తు తేడాను మాత్రమే తెస్తుంది. పది మీటర్ల తేడాకు కూడా రెండు మిల్లీమీటర్లే. అదే పది మీటర్ల తేడా 300 మీటర్ల దగ్గర సుమారు 17 మిల్లీమీటర్లు, 1,000 మీటర్ల దగ్గర 19 సెంటీమీటర్లు. గాలి నిరోధాన్ని కలిపితే దూరంలో ఇది ఇంకా బాగా పెరుగుతుంది. దగ్గరి గ్రూపును పెద్దది చేసేవి బారెల్, బుల్లెట్ నాణ్యత, మీ పట్టు. 200 మీటర్లకు మించి కాల్చనివారు విచలనాన్ని 5 నుంచి 3కు దించడానికి రాత్రులు మేల్కొనవలసిన అవసరం లేదు.

మూడున్నర మీటర్ల దూరంలో కొలిచిన వేగాన్ని మూతి దగ్గరి వేగంగా మార్చాలా?

కాలిక్యులేటర్‌లో వేయడానికైతే మార్చండి. ఆప్టికల్ యంత్రం ఇచ్చేది రెండు సెన్సార్ల నడిమి బిందువు దగ్గరి వేగం. .308 రైఫిల్‌లోని 168 గ్రెయిన్ల గురిపోటీ బుల్లెట్ మొదట్లో మీటరుకు సుమారు 0.6 చొప్పున వేగం కోల్పోతుంది కాబట్టి సవరణ రెండు మీటర్ల చుట్టూ ఉంటుంది. మొద్దు ముక్కు బుల్లెట్లకు ఇంకొంచెం ఎక్కువ. రాడార్లు ఈ సవరణను తామే చేసి చూపిస్తాయి.

పోటీలో పవర్ ఫ్యాక్టర్ అందుతుందో లేదో ఎలా చూసుకోవాలి?

బుల్లెట్ బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, గుణించి, వెయ్యితో భాగించాలి. ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో మైనర్ తరగతికి 125 కావాలి. 124 గ్రెయిన్ల బుల్లెట్ 1,020 అడుగుల వేగంతో వెళ్తే 126.5 వస్తుంది, చాలినట్టే కనిపిస్తుంది. అయితే పోటీ అధికారులు బుల్లెట్‌ను విప్పి తూస్తారు. అది 123.2 గ్రెయిన్లు తూగితే 125.7కు దిగుతుంది. ఆ ఉదయం చలిగా ఉండి వేగం పది అడుగులు పడితే 125 కిందికి పోతుంది. 130 దగ్గర పెట్టుకుంటే నిద్ర పడుతుంది.

బుల్లెట్ శక్తిని జౌళ్లలో ఎలా లెక్కించాలి?

ద్రవ్యరాశిని కిలోగ్రాముల్లోకి మార్చి, వేగ వర్గంతో గుణించి, సగం తీసుకోండి. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు, కనుక 150 గ్రెయిన్లు 9.72 గ్రాములు. 820 మీటర్ల వేగానికి సుమారు 3,270 జౌళ్లు. అడుగులను మీటర్లుగా మార్చడానికి 0.3048తో గుణించాలి.

నా యంత్రం నిజమే చెబుతోందని ఎలా నమ్మాలి?

చవక ఆప్టికల్ యంత్రాలకు తయారీదారులు సాధారణంగా 0.5 శాతం కచ్చితత్వం ప్రకటిస్తారు, అంటే 800 దగ్గర అటూ ఇటూ 4. రాడార్లకు 0.1 శాతం, అంటే ఒకటి కన్నా తక్కువ. ఈ దోషం ఎప్పుడూ ఒకే వైపు ఉండేదైతే సగటు తప్పుతుంది కానీ విచలనం దాదాపు చెడదు: గోడ గడియారం పది నిమిషాలు ముందున్నా, అన్నం ఎంతసేపు ఉడికిందో అది సరిగానే చెబుతుంది. స్నేహితుడి యంత్రాన్ని మీ దాని వెనుక ఒకే దారిలో పెట్టి, ఒకే బుల్లెట్లను రెండింటితో కొలవడం మంచి పరీక్ష. అది కుదరకపోతే ఒకే లాట్‌కు (ఒకే తయారీ విడతకు) చెందిన .22 పోటీ తూటాల పెట్టెను విడిగా దాచి, ప్రతిసారీ మొదట వాటిలో ఐదింటిని ఒకే రైఫిల్‌తో కాల్చండి. సగటు ఒక్కసారిగా మారితే, మీ కొత్త లోడ్‌ను అనుమానించే ముందు యంత్రాన్నీ ఆ రోజు వేడినీ చూడండి.

ప్రతిసారీ ఏమేం రాసిపెట్టుకోవాలి?

తేదీ, గాలి ఉష్ణోగ్రత, రైఫిల్, బారెల్ పొడవు, మందు పేరుతో పాటు లాట్ సంఖ్య, మోతాదు, బుల్లెట్, ప్రైమర్, కేస్, కేస్ ఎన్నిసార్లు కాల్చినదో, తూటా మొత్తం పొడవు, యంత్రం రకం, మూతి నుంచి దాని దూరం. సగటు, విచలనం మాత్రమే కాకుండా ప్రతి షాట్ వేగాన్నీ కాల్చిన వరుసలోనే రాయండి. బారెల్ వేడెక్కేకొద్దీ వేగం మెల్లగా పెరుగుతూ పోయిందా, లేక ఊరికే అటూ ఇటూ ఊగిందా అన్నది ఆ వరుసలోనే కనిపిస్తుంది, సగటులో కనిపించదు. మందు లాట్ మారినప్పుడు పాత మోతాదునే గుడ్డిగా వేయకుండా కొంచెం తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. పాత పుట చేతిలో ఉంటే కొత్త లాట్ ఎంత తీవ్రమైనదో ఐదు షాట్లలో తెలిసిపోతుంది.